మూడవ పాఠ్యవిషయము



ఇంగ్లండు దేశమున నివసించుచున్న మన తెలుగు కుటుంబములలో, పదునైదు పదునాఱేండ్ల బిడ్డలున్న యిండ్లయందు, సెప్టెంబరు నెల వచ్చినది మొదలు సంక్రాంతి దాటువఱకును భోజనముల వేళ ఒకే ప్రస్తావన మరల మరల వచ్చుచుండును. పిల్లవాడు ఇయర్ లెవెన్‌లో అడుగిడిన కొలది వారములకే రెండు మూడు కాలేజీల వివరణ పుస్తకములను సంచిలో పెట్టుకొని యింటికి వచ్చును. వానిలో గణితము, రసాయనశాస్త్రము, చరిత్ర మొదలగు మన మెఱిగిన పేర్లతో పాటు, సమాజశాస్త్రము, తత్త్వశాస్త్రము, భూగర్భశాస్త్రము, చలనచిత్రకళ వంటివి, మన చదువు దినములలో ఆ వయసునాటికి చెవిని పడనివియు నుండును. అంతవఱకు తొమ్మిది పది విషయములను ఏకకాలమున చదువుచు, రానున్న వేసవిలో జి.సి.ఎస్.ఇ. పరీక్షలు వ్రాయవలసిన ఆ బిడ్డ, ఈ పట్టికనుండి మూడింటిని మాత్రమే ఏరుకొని, తక్కినవాని నన్నిటిని విడిచిపెట్టి, పదునెనిమిదవ యేటికి ఎ-లెవెల్ పరీక్షలకు సిద్ధము కావలయును. ఆ మూడును ఏవి, వానిని ఎచట చదువుట, దరఖాస్తు ఎట్లు పెట్టుట అను ప్రశ్నలను గూర్చియే నేటి ప్రసంగము.

నేను చెప్పదలచిన మాటను మొదటనే చెప్పివేసెదను. ఈ మూడు విషయములలో రెండింటిని, బిడ్డ చేరగోరు విశ్వవిద్యాలయపు నిబంధనలే నిర్ణయించుచుండవచ్చును. ఆ నిబంధనలను తెలిసికొని మన్నించుట వివేకము. కాని మూడవ విషయమును బిడ్డ తన యిష్టము ననుసరించి ఎన్నుకొనవలయును. తలిదండ్రులు ఆ యొక్క యెన్నికలో చేయి పెట్టరాదు. ఈ దేశపు విద్యావిధానము నిర్మింపబడిన తీరే నా మాటకు ఆధారము.

ఎ-లెవెల్ పరీక్షలు 1951లో, అంతకు ముందున్న హయ్యర్ స్కూల్ సర్టిఫికెట్ స్థానమున ప్రవేశపెట్టబడినవి. పదునాఱవ యేటనే చదువును ఇంతగా కుదించుట మంచిదా కాదా యను సందేహము ఈ దేశపు పెద్దలకు ఆనాటినుండియు కలదు. సర్ జెఫ్రీ క్రౌథర్ అధ్యక్షతన 1959లో వెలువడిన నివేదిక, పదునైదు మొదలు పదునెనిమిదేండ్ల వారి విద్యను విచారించి, ఒక శాస్త్రమున లోతుగా మునుగుటయందలి మేలును సమర్థించుచునే, విజ్ఞానశాస్త్రములు చదువువారికి సాహిత్యకళలతోను, సాహిత్యము చదువువారికి గణితవిజ్ఞానములతోను పరిచయము కలిగించుటకు వారమున కొంత కాలము ప్రత్యేకింపవలయునని కోరినది. అదే సంవత్సరమున శాస్త్రజ్ఞుడును నవలాకారుడును అగు సి.పి. స్నో కేంబ్రిడ్జిలో రీడ్ ఉపన్యాస మిచ్చుచు, సాహిత్యజ్ఞులును శాస్త్రజ్ఞులును ఒకరి మాట యొకరికి తెలియని రెండు వర్గములుగా విడిపోయినారని వాపోయి, చిన్నతనముననే విద్యను సంకుచితము చేయుటను అందులకు ఒక కారణముగా ఎత్తి చూపెను. 2004లో ప్రభుత్వము నియమించిన మైక్ టామ్లిన్సన్ సంఘము ఈ పరీక్షలన్నిటిని ఒక విశాలమైన డిప్లొమాలో లీనము చేయుమని సిఫారసు చేయగా, మరుసటి యేడు ప్రభుత్వము అంగీకరింపలేదు. 2023లో ప్రధానమంత్రి రిషి సునాక్ అంతకంటె విస్తృతమైన యర్హత నొకదానిని ప్రకటింపగా, 2024లో వచ్చిన క్రొత్త ప్రభుత్వము దానిని విడిచిపెట్టినది. ఇందరు మార్పు కోరినను మూడు విషయముల పద్ధతి చెక్కుచెదరక నిలిచియున్నది. వ్యవస్థ తానుగా ఇయ్యని వైశాల్యమును విద్యార్థి సంపాదించుకొనుటకు మిగిలిన చోటు ఆ మూడవ విషయమే.

ఇక కాలేజీల మాట. పూర్వము సిక్స్త్ ఫార్మ్ అనునది ముఖ్యముగా, పరీక్షలో నెగ్గినవారు చేరు గ్రామర్ స్కూళ్లలో పై తరగతులుగా ఉండెడిది. పదునొకండవ యేట పరీక్ష పెట్టి పిల్లలను రెండు తెగలుగా వేఱుచేయు పద్ధతిని మాన్పి, అందరికిని ఒకే తీరు పాఠశాల నేర్పరచుమని 1965లో, ఆంథొనీ క్రాస్‌లాండ్ విద్యామంత్రిగా నున్న కాలమున, స్థానిక సంస్థలకు 10/65 సంఖ్యగల సర్క్యులర్ పంపబడినది. దానిలో సూచింపబడిన ఆఱు మార్గములలో ఒకటి, పదునాఱేండ్ల వఱకు పాఠశాలయు, ఆ పై చదువునకు ప్రత్యేకమైన కాలేజియు అనునది. లూటన్ నగరమున 1966లో అట్టి కాలేజి వెలసినది. 1974లో కేంబ్రిడ్జిలోని బాలుర హైస్కూలు హిల్స్ రోడ్ సిక్స్త్ ఫార్మ్ కాలేజిగా మాఱినది. వించెస్టరులోని పీటర్ సైమండ్స్ పాఠశాలయు ఆ యేడే కాలేజియైనది. 1992 నాటి చట్టముచే ఇవి మరుసటి యేటినుండి స్థానిక సంస్థల యధికారమునుండి విడివడి స్వతంత్రముగా నడచుచున్నవి. స్కాట్లండు పద్ధతి వేఱు. అచట హయ్యర్ పరీక్షలు గలవు కనుక గ్లాస్గో, ఎడింబరో నగరములలోని శ్రోతలకు నా మాటలలో కొన్ని వర్తింపవు.

నేడు పదునాఱేండ్లు నిండిన బిడ్డకు ముఖ్యముగా మూడు త్రోవలున్నవి. తాను చదువుచున్న పాఠశాలలోనే సిక్స్త్ ఫార్మ్ ఉన్నచో అచటనే కొనసాగవచ్చును. ప్రత్యేకమైన సిక్స్త్ ఫార్మ్ కాలేజిలో చేరవచ్చును. లేదా వృత్తివిద్యలు విరివిగా నేర్పు ఫర్దర్ ఎడ్యుకేషన్ కాలేజికి పోవచ్చును. 2008 నాటి చట్టము 2013లో కొంతయు, 2015లో పూర్తిగాను అమలులోనికి వచ్చిన పిమ్మట, ఇంగ్లండున పదునెనిమిదేండ్లు వచ్చువఱకు ఏదో యొక విద్యలోనో శిక్షణలోనో ఉండుట విధి. ప్రభుత్వ ధనముతో నడచు ఈ విద్యాలయములలో బోధనకు రుసుము లేదు; బస్సు ఖర్చును, పుస్తకముల ఖర్చును ఇంటివారివి. ఆదాయము తక్కువగా నున్న కుటుంబములకు కాలేజి ద్వారా బర్సరీ సహాయము లభించును గాని, అడిగిన వారికే లభించును. అడుగుటకు మనవారు సంకోచింపరాదు.

పాఠశాల సిక్స్త్ ఫార్మ్‌నకును కాలేజికిని గల భేదమును మనవారు కొంత నిదానముగా గ్రహింపవలయును. పాఠశాలలో గురువులు బిడ్డను పదునొకండవ యేటినుండి ఎఱిగిన వారు, సంఖ్య చిన్నది, వెనుకబడిన వెంటనే ఎవరో ఒకరు గమనింతురు. కాలేజిలో వేలకొలది విద్యార్థులు, విస్తారమైన పాఠ్యవిషయములు, చక్కని ప్రయోగశాలలు, యూనిఫారము లేదు, అధ్యాపకులను పేరు పెట్టి పిలుచు ఆచారము పెక్కు కాలేజీలలో కలదు. అన్నిటికంటె మన తలిదండ్రులను కలవరపెట్టునది ఖాళీ కాలము. ఒక్కొక్క విషయమునకు వారమునకు నాలుగైదు గంటల బోధన; మూడింటికిని కలిపి పదునైదు గంటలకు ఇంచుమించు. మంగళవారము పదునొకండు గంటలకు మొదలై, గురువారము రెండు గంటలకే ముగియు కాలపట్టికను చూచి, తెలుగుదేశపు రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలలో తెల్లవారుజామునుండి రాత్రి వఱకు స్టడీ అవర్లలో కూర్చున్న తండ్రి, 'ఇది చదువేనా?' అని ఆశ్చర్యపడుట సహజము. కాని ఆ ఖాళీగా కనబడు గంటలు ఖాళీవి కావు. తరగతిలో ఎంత కాలము వినునో అంత కాలము తానుగా చదివి వ్రాసికొనవలయునని కాలేజీలు విద్యార్థిని స్పష్టముగా కోరును. విశ్వవిద్యాలయమున ఎవరును వెనుకనుండి తఱుమరు. తనంతట తాను కూర్చుండి చదువు అలవాటును పదునెనిమిదేండ్లకు ముందే అలవఱచుట ఈ రెండేండ్ల యందలి దాగియున్న పాఠము. ఆ స్వేచ్ఛను మోయుటకు మీ బిడ్డ ఇంకను సిద్ధముగా లేడని తోచినచో, అతనిని ఎఱిగిన పాఠశాలలోనే ఉంచుట చిన్నతనమేమియు కాదు. పేరుగొన్న కాలేజియని దూరమున నున్నదానికి పంపి, రోజుకు మూడు గంటలు రైళ్లలోను బస్సులలోను గడుపజేయుటకంటె, దగ్గరనున్న మంచి పాఠశాల మేలని నా దృఢమైన యభిప్రాయము.

మన మనస్సులలో ఇంటర్మీడియెట్ విద్య లోతుగా నాటుకొనియున్నది. పదవ తరగతి ముగిసిన మరునాడే 'ఏ గ్రూపు?' అను ప్రశ్న, ఎం.పి.సి. అనిన ఇంజనీరు, బై.పి.సి. అనిన డాక్టరు, ఎం.ఇ.సి., సి.ఇ.సి. అనిన తక్కినవారు. అచట ఆ విభజనకు తగిన కారణమున్నది. ప్రవేశపరీక్షలకు ఏ విషయములు కావలయునో ఆ విషయములనే గ్రూపులుగా కట్టినారు. ఇచట గ్రూపులు లేవు. గణితముతో సంగీతమును, జీవశాస్త్రముతో ఆంగ్లసాహిత్యమును, భౌతికశాస్త్రముతో ఫ్రెంచి భాషను జతపఱుపవచ్చును. కాలేజి కాలపట్టిక సరిపడినంత మాత్రమున చాలును. అయినను మనవారు ఇచటి పట్టికను చూచుచు మనసులో ఎం.పి.సి.నే వెదకుదురు. హైదరాబాదునుండి బాబాయిగారు ఫోనులో అడుగునదియు అదే ప్రశ్న. పిల్లవాడు గణితము, భౌతికశాస్త్రము, చరిత్ర చదువుచున్నాడనిన, ఆవలివైపున క్షణకాలము మాట రాదు.

ఇపుడు నిబంధనల మాట. వైద్యవిద్యకు అనేక విశ్వవిద్యాలయములు రసాయనశాస్త్రమును, దానితో కూడ జీవశాస్త్రమునో మరియొక విజ్ఞానశాస్త్రమునో కోరుచున్నవి. పెక్కింట మూడవది ఇదియే కావలయునను విధి లేదు. ఇంజనీరింగునకు సాధారణముగా గణితమును భౌతికశాస్త్రమును కోరుదురు. కంప్యూటర్ సైన్సునకు గణితము ప్రాణము. ఆ పేరుగల ఎ-లెవెల్ చదువని వారినిగూడ పేరుమోసిన విశ్వవిద్యాలయములు చేర్చుకొనును. అర్థశాస్త్రమున మనవారికి తఱచుగా పొరపాటు జరుగును: లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్సు, కేంబ్రిడ్జి, వారిక్ విశ్వవిద్యాలయములు ఎకనామిక్సు ఎ-లెవెల్ లేకున్నను సహింపగలవు గాని గణితము లేనిదే ప్రవేశము నీయవు. న్యాయశాస్త్రమునకు ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిలు ఏ విషయమును ప్రత్యేకముగా విధింపవు. లక్ష మందికి మించి విద్యార్థులు ప్రతి వేసవి వ్రాయుచున్న గణితము, ఎ-లెవెళ్లలో అన్నిటికంటె అధికముగా ఎన్నుకొనబడు విషయమగుటకు, ఇన్ని చదువులు దానిని కోరుటయు ఒక కారణము. గణితమున చేతికి పట్టున్న బిడ్డ, వెనుక ఏమి చదువవలయునో ఇంకను తెలియనిచో, దానిని విడువకుండుట మంచిది. ఫర్దర్ మ్యాథమేటిక్సు మాత్రము గణితమునందు నిజమైన మక్కువ కలవారికే. దానిని నాలుగవ విషయముగా తీసికొనువారును కలరు. ఆ యొక్క సందర్భము తప్ప, మూడు చాలునన్నచోట నాలుగు చదివించుట పిల్లవాని వీపుపై వ్యర్థభారము మోపుటయే. విశ్వవిద్యాలయములు సాధారణముగా అడుగునవి మూడు గ్రేడులే.

అడుగునవి మూడు గ్రేడులు కనుకనే మూడవ విషయమునకు ఇంత ప్రాముఖ్యము. 'మూడు ఏ-లు కావలయు'నని విశ్వవిద్యాలయము షరతు పెట్టినపుడు, భౌతికశాస్త్రములోని ఏ గ్రేడును భూగోళములోని ఏ గ్రేడును సమానమే. విశ్వవిద్యాలయ దరఖాస్తులను స్వీకరించు యూకాస్ సంస్థ వారి పాయింట్ల పట్టికలోను అంతే. ఏ విషయమైనను ఏ గ్రేడునకు 48, బి గ్రేడునకు 40. ఇష్టములేని భౌతికశాస్త్రమును తండ్రి మాటకై తీసికొని సి గ్రేడుతో ముగించిన బాలిక, వైద్యవిద్యాలయమును పోగొట్టుకొనును. ఇష్టపడిన భూగోళములో ఏ గ్రేడు తెచ్చుకొన్న బాలిక నిలుపుకొనును. ఇది లెక్క. లెక్కకు మించిన దొకటి కూడ కలదు. కృష్ణా డెల్టాలో సార్వా వరి కోతకు వచ్చునపుడే, తడియాఱని మాగాణిలో మినుము చల్లుదురు. అది చేతికి వచ్చు పంటయు నగును, వరి పీల్చిన భూమికి సత్తువయు నిచ్చును. రసాయనమును జీవశాస్త్రమును రెండేండ్లు దున్నుచున్న మనస్సునకు మూడవ విషయము చేయు మేలు అట్టిది. రోగి చరిత్రను ఓపికతో వినగల వైద్యునకు నవలలు చదివిన అలవాటు అక్కఱకు వచ్చును. వంతెన కట్టు ఇంజనీరునకు ఆ యూరి చరిత్ర తెలిసియుండుట నష్టము కాదు.

ఈ సందర్భమున ఒక మాట. గుజరాతీ, పంజాబీ, బెంగాలీ, ఉర్దూ భాషలకు ఈ దేశమున ఎ-లెవెల్ పరీక్షలున్నవి; తెలుగునకు లేదు. ఇంట తెలుగు మాటాడి, శనివారపు బడిలో ఒత్తులు దిద్దుకొన్న బిడ్డకు, ఆ శ్రమను మూడవ విషయముగా మార్చుకొను అవకాశము లేకపోవుట నాకు నిజముగా బాధ కలిగించును. మన సంఘములు ఉగాది సభలకు పెట్టు శ్రద్ధలో కొంత ఈ పనికి పెట్టవలయును.

కాలేజీలు అక్టోబరు, నవంబరు నెలలలో ఓపెన్ ఈవెనింగులు జరుపును. గత శరత్తున అట్టి సాయంకాల మొకదానికి నేనును వెళ్లితిని. భూగోళశాస్త్రపు గదిలో బల్లపై ఒక నీలపు ట్రే; దానినిండ సముద్రతీరపు గులకరాళ్లు, ప్రక్కన ఇనుప కాలిపర్, ఒక విద్యార్థి నోటుపుస్తకము. ఎ-లెవెల్ భూగోళమున నాలుగు దినములకు తక్కువ కాకుండ క్షేత్రపరిశీలన చేసి, ఒక స్వతంత్ర పరిశోధనను వ్రాసి సమర్పింపవలయును. మొత్తము మార్కులలో అయిదవ వంతు దానిదే. ఆ రాళ్లు అట్టి పరిశీలననుండి తెచ్చినవి. ఒక తెలుగు దంపతులు కూతురితో అచట నిలిచియుండిరి. ఆ పిల్ల రాతి నొకదానిని కాలిపర్ నడుమ పెట్టి కొలుచుచుండగా తండ్రి మెల్లగా, "డాక్టర్ చదువుతానన్నావు గదమ్మా, ఈ రాళ్లతో ఏం పని?" అనెను. ఆ పిల్ల తలయెత్తక, "రాళ్లు కాదు నాన్నా, ఈ పట్టిక చూడండి. తీరం ఈ కొసనుంచి ఆ కొసకి పోతున్నకొద్దీ రాళ్లు చిన్నవవుతున్నాయి. అల అటే తోస్తోందన్నమాట" అనెను. ప్రక్కనున్న అధ్యాపకుడు ఆమె మాట అర్థము కాకున్నను వ్రేలు పట్టికపై ఏ వరుసను చూపుచున్నదో గమనించి, ఆంగ్లమున ఆమెను ఒక ప్రశ్న యడిగెను: నడుమ ఒక చోట రాళ్లు హఠాత్తుగా పెద్దవై యున్నవి, ఎందువలన? ఆ పిల్ల కొంత సేపు ఆలోచించి, అచట కఱ్ఱకట్ట యేదైన అడ్డముగా ఉన్నదేమోనని చెప్పెను. ఉన్నదని ఆయన నవ్వెను. తల్లి ఆంగ్లమున అడిగిన ప్రశ్న వేఱు: "మార్కులు వస్తాయా సార్? మెడిసిన్ వాళ్లు తక్కువగా చూడరు గదా?" ఆయన వాగ్దానమేదియు చేయలేదు. మీరు తలచుకొన్న వైద్యవిద్యాలయముల నిబంధనలను ఈ రాత్రికే మీ కుమార్తెతో కూర్చుండి చదువుడని మాత్రము చెప్పెను. వారు నడవలో బెంచిపై కూర్చుండి, ఫోనులో ఒక్కొక్క విశ్వవిద్యాలయపు నిబంధనలను చదువుచుండగా నేను చూచితిని. చదువుచున్నది తండ్రి, వ్రాసికొనుచున్నది కూతురు. ఓపెన్ ఈవెనింగునకు వెళ్లు ప్రతి కుటుంబము చేయదగిన పని యిది.

అట్టి చోట అడుగదగిన ప్రశ్నలును కొన్ని కలవు. నిరుడు ఈ విషయమును మొదలుపెట్టిన వారిలో ఎందరు రెండవ సంవత్సరము చివరివఱకు నిలిచినారు? ప్రయోగములు వారమున కెన్ని? పరీక్ష అంతయు చివర వ్రాతలోనేనా, లేక నడుమ సమర్పింపవలసిన పని యేదైనను ఉన్నదా? విద్యార్థి వ్రాసిన వ్యాసము నొకదానిని చూపగలరా? 'మీ ఫలితములు ఎట్లున్నవి?' అను ప్రశ్నకు అచ్చుపుస్తకములోనే సమాధానముండును. దానికై సాయంకాలమును వెచ్చింపనక్కఱలేదు.

ఎ-లెవెల్ మాటలలో పడి వృత్తివిద్యలను మనవారు చిన్నచూపు చూచుట నేను సహింపలేను. బిటెక్ అను పేరుగల అర్హతలు ఈ దేశమున ఎంతో కాలముగా నున్నవి. మన దేశపు ఇంజనీరింగు పట్టముతో వీనికి సంబంధము లేదు. వీనిలో కొన్నిటి స్థానమున ప్రభుత్వము క్రొత్త యర్హతలను తెచ్చు ప్రయత్నమున నుండుటచే, ఏ యేడు ఏది నడచునో కాలేజివారినే యడిగి తెలిసికొనవలయును. 2020లో మొదలైన టి-లెవెల్ అను వృత్తివిద్యార్హత ఒక్కటి మూడు ఎ-లెవెళ్లకు సమానము. రెండేండ్ల చదువులో కనీసము 315 గంటలు నిజమైన ఉద్యోగస్థలమున పని చేయవలయును. దానిలో అత్యున్నత శ్రేణికి యూకాస్ పాయింట్లు 168, అనగా మూడు ఏ-స్టార్లకు ఎన్నియో అన్ని. ఆసుపత్రి ప్రయోగశాలలో పని చేయవలయునని, కట్టడములు చూచుకొనవలయునని, చేతులతో చేసి నేర్చుకొనుటయే తనకు తగునని తెలిసిన బిడ్డను బలవంతముగా మూడు గంటల వ్రాతపరీక్షలకు త్రోయుట అన్యాయము. అయితే కొన్ని విశ్వవిద్యాలయములు కొన్ని చదువులకు టి-లెవెల్‌ను అంగీకరింపవు. అది ముందే విచారింపదగినది.

దరఖాస్తు పద్ధతి కష్టమైనది కాదు గాని తేదీలు కఠినమైనవి. పెక్కు కాలేజీలకు శరత్కాలమున మొదలై డిసెంబరు, జనవరులలో గడువు ముగియును. కాలేజి వెబ్‌సైటులోనే ఫారము నింపవలయును. పేరు, పాఠశాల, ఊహింపబడిన జి.సి.ఎస్.ఇ. గ్రేడులు, కోరుకొన్న విషయములు, చిన్న స్వీయవివరణము. పాఠశాల వేఱుగా ఒక అభిప్రాయము పంపును. ఒక్క కాలేజికే పెట్టి కూర్చుండక, తన పాఠశాల సిక్స్త్ ఫార్మ్‌తో కలిపి రెండు మూడింటికి పెట్టుట క్షేమము. విద్యార్థులు ఎక్కువగా కోరు కాలేజీలు తమకు అనుబంధమైన పాఠశాలల పిల్లలకు ముందు చోటిచ్చు నియమమును పెట్టుకొనియుండును. ఆ నియమము వారి ప్రవేశ విధానపత్రమున స్పష్టముగా నుండును, చదువక నిరాశపడుటకంటె చదివి నిర్ణయించుట మేలు.

స్వీయవివరణమును తండ్రులు వ్రాసిపెట్టుట నేనెఱుగుదును. అది చదువువారును ఎఱుగుదురు. 'నాకు చిన్ననాటినుండియు విజ్ఞానశాస్త్రమనిన మిక్కిలి ఆసక్తి' అను వాక్యము వేయి దరఖాస్తులలో నుండును. 'టైట్రేషన్ చేయునపుడు ఒక్క చుక్కతో రంగు మారినది. దానికి ముందటి చుక్కతో ఏల మారలేదని ఇంటికి వచ్చి చదివితిని' అని వ్రాసిన బిడ్డతో అధ్యాపకుడు ఆ చుక్కను గూర్చియే ఇంటర్వ్యూ మొదలుపెట్టును. ఆ ఇంటర్వ్యూ పరీక్ష కాదు. కోరిన విషయములు ఒకదానితో ఒకటి పొసగునా, గ్రేడులు అందునా యని పదునైదు ఇరువది నిమిషములు మాటాడుట. అచట తలిదండ్రులు బిడ్డకు బదులు సమాధానము చెప్పకుండుట ఉపకారము.

పిమ్మట వచ్చు ఆహ్వానము షరతులతో కూడినది. జి.సి.ఎస్.ఇ. గ్రేడులు 2017నుండి 9 మొదలు 1 వఱకు అంకెలలో నున్నవి. ఆంగ్లము, గణితములతో కూడ అయిదు విషయములలో 4 లేక అంతకు మించిన గ్రేడు సామాన్యముగా అడుగు కనీసము. గణితము చదువుటకు పెక్కు చోట్ల 6 లేక 7, విజ్ఞానశాస్త్రములకు 6, ఫర్దర్ మ్యాథమేటిక్సునకు అంతకంటె ఎక్కువ. ఆంగ్లమునగాని గణితమునగాని 4 రానివారు ఆ విషయమును ఎ-లెవెళ్లతో పాటు మరల చదువుట తప్పదు.

ఇటీవల వీసాలపై వచ్చి, బిడ్డను హైదరాబాదులోనో విజయవాడలోనో పదవ తరగతి ముగింపజేసి తెచ్చుకొన్న కుటుంబములు మన ఊళ్లలో హెచ్చినవి. అట్టి బిడ్డకు జి.సి.ఎస్.ఇ. లేకపోవుట అడ్డంకి యని వెఱవనక్కఱలేదు. విదేశీ యర్హతల విలువను నిర్ణయించు యు.కె. ఎనిక్ అను సంస్థ కలదు. పెక్కు కాలేజీలు మార్కుల పత్రమును చూచి, ఒక చిన్న పరీక్ష పెట్టి, స్వయముగా నిర్ణయించుకొనును. పదవ తరగతి మూల మార్కుల పత్రము, టి.సి., పాస్‌పోర్టు, వీసా ఆధారము, ఇంటి చిరునామా ఋజువు వెంట నుంచుకొనవలయును. మార్చిలో దిగినవారు ఆగష్టు వఱకు వేచియుండక, దిగిన వారముననే ఫోను చేయవలయును. ఈ పిల్లల విషయమున తలిదండ్రులు ఒక్కటి గమనింపవలయును: బడియు, స్నేహితులును, దేశమును ఒక్కసారి మాఱిన బిడ్డకు, తాను నచ్చి తీసికొన్న విషయ మొక్కటియైనను ఉండుట ఇతరులకంటె అధికముగా అవసరము.

ఆగష్టులో ఎ-లెవెల్ ఫలితములు ఒక గురువారమున వచ్చిన మరుసటి గురువారమున జి.సి.ఎస్.ఇ. ఫలితములు వచ్చును. అటు పిమ్మట నమోదు దినములలో కాలేజి హాలులో బల్లలు వేసి, ఒక్కొక్క విద్యార్థి ఫలితపత్రమును చూచి విషయములను ఖాయపఱతురు. రసాయనమున 6 కావలసియుండగా 5 వచ్చినదని ఇంటనే కూర్చుండి దుఃఖింపరాదు. ఆ దినము ఆ బల్లవద్దనే మాటాడవలయును. కొన్ని కాలేజీలు అంగీకరించును, కొన్ని విషయమును మార్చుకొనుమనును, తక్కిన కాలేజీలలో ఖాళీలు ఆ వారముననే తేలును. బిడ్డయే ముందు నిలిచి అడుగవలయును. మీరు ప్రక్కన నుండుడు.

చేరిన పిమ్మటను మార్పునకు వ్యవధి కలదు. సెప్టెంబరులోని తొలి వారములలో ఒక విషయమును విడిచి వేఱొకదానిలో చేరుటకు కాలేజీలు సాధారణముగా అనుమతించును. అక్టోబరు దాటిన పిమ్మట తప్పిపోయిన పాఠములే అడ్డమగును. కనుక మూడవ వారాంతమున బిడ్డను కూర్చుండబెట్టుకొని, మూడు విషయముల నోటుపుస్తకములను తెమ్మని, తరగతిలో చెప్పినవి కాక తనంతట తాను ఏమి వ్రాసికొన్నాడో చూపుమని యడుగుడు. మూడింటిలో ఒకదానియందు ఆ పుటలు లేకుండుట కనబడినచో, సోమవారము ఉదయమున అతడు ట్యూటరును కలిసికొని ఆ విషయమును మార్చుకొనుటను గూర్చి మాటాడుటకు అంతకంటె వేఱొక ఆధారము అక్కఱలేదు.